1947 దేవదాసీ చట్టం: శిక్ష ఎవరికి రాశారు?

కపిలతీర్థం · సోమవారం, రాత్రి 9:10

తిరుపతిలో డిగ్రీ విద్యార్థినులకు చరిత్ర చెబుతాను. మద్రాసు రాష్ట్రంలో సంఘ సంస్కరణల పాఠంలో దేవదాసీలకు దక్కేది ఒకే వాక్యం: డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషి వల్ల 1947లో చట్టం వచ్చింది, దురాచారం అంతమైంది. పరీక్షకు అది చాలు. ఈసారి మాత్రం ఆ చట్టాన్నే తరగతిలో చదివించాను. 1947లో 31వ నంబరు, చిన్న చట్టమే.

ఆడపిల్లను దేవుడికి అంకితం చేయడం నేరం. దేవదాసి పెళ్లి చేసుకుంటే, ఆచారం పేరు చెప్పి ఆ పెళ్లి చెల్లదనడానికి వీల్లేదు. ఇంతవరకు అందరూ తలలూపారు. తరువాత గుడి ఆవరణలోనూ ఊరేగింపులోనూ, కుంభహారతితో (కుండ మీద దీపం పెట్టి ఇచ్చే హారతి) గానీ అది లేకుండా గానీ, స్త్రీ నాట్యం చేయడం చట్టవిరుద్ధమని ఉంది. బోగం, కళావంతులు, సాని, నాగవాసులు, దేవదాసి, కూర్మాపులు అని కులాల పేర్లు వరుసగా ఉన్నాయి. శిక్ష ఆరు నెలల వరకు సాధారణ కారాగారం, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పదహారేళ్లు నిండిన ఎవరికైనా. దాని కింద ఒక వివరణ: ఆ 'ఎవరైనా'లో, ఎవరికి అంకితం తంతు జరిగిందో ఆ స్త్రీ కూడా చేరుతుంది.

ఒక అమ్మాయి లేచి, "మేడం, ఇన్నాళ్లూ ఆమెను ఉంచుకున్న జమీందారుకు ఇందులో ఏ సెక్షన్ వర్తిస్తుంది?" అని అడిగింది. వెతికాము. అంకితం చేసే తంతులో అతడు పాలుపంచుకుంటే తప్ప అతడి ప్రసక్తే లేదు.

ఇక్కడ న్యాయవాదులు, రెవెన్యూలో పనిచేసినవారు, సంగీతం తెలిసినవారు ఉన్నారు. ఈ చట్టం ఎలా తయారైంది, దాని వల్ల ఎవరికి ఏమి మిగిలింది? తెలిసినంత వరకు చెప్పండి.

చంద్రగిరి దుర్గం · సోమవారం, రాత్రి 9:52

ఆశ్చర్యపడవలసింది ఏముంది మేడం గారూ! సంస్కరణ అనే మాట వినగానే మనం చెప్పులు విడిచి నిలబడతాం, అక్కడే వస్తుంది చిక్కు.

1893లో మద్రాసు పెద్దమనుషులు గవర్నరుకూ వైస్రాయికీ విన్నపం పంపారు, భోగం మేళాలు (దేవదాసీల నాట్యం) పెట్టిన విందులకు మీరు వెళ్లవద్దని. మేము చూసిన మేళాల్లో తప్పేమీ కనబడలేదని దొరలు జవాబిచ్చారు. దొరల కంటే దొరతనం మన ఇంగ్లీషు చదువుల వారికే ఎక్కువ పట్టింది. ఇంట్లో భార్య అక్షరం నేర్చుకుంటే ముప్పని భయపడిన కాలంలో చదవడం, పద్యం చెప్పడం, సంగీతం, లెక్క తెలిసిన స్త్రీలు దేవదాసీలు. వాళ్ల పేరిట భూములుండేవి. తల్లి ఆస్తి కూతురికి వచ్చేది. ఎవరి అనుమతీ అడగకుండా సంపాదించుకుని, దానం చేసుకోగలిగిన స్త్రీలను దారికి తేవాలంటే వాళ్లను ఎవరో ఒకరికి భార్యలను చేయాలి. చట్టం చేసింది అదే.

1927లో మద్రాసు దేవదాసీలు సంఘం పెట్టుకుని ప్రభుత్వానికి తమ వాదన రాసి ఇచ్చారు. మమ్మల్ని వేశ్యలతో కలిపి చూడకండి, కావాలంటే మా పిల్లలకు చదువు చెప్పించండి అన్నారు. ఆ కాగితానికి పట్టిన గతి ఏమిటో ఇరవై ఏళ్ల తరువాత వచ్చిన చట్టంలో మీరే చూశారు.

నగరి నాగలి · సోమవారం, రాత్రి 10:30

ఏ దేవదాసి గురించి మాట్లాడుతున్నారు చంద్రగిరి గారూ? వీణ పట్టుకున్న ఆమె గురించా, మా ఊరి జాతరలో డప్పుకు ఆడిన ఆమె గురించా?

పుత్తూరు, నాగలాపురం, పిచ్చాటూరు, శ్రీకాళహస్తి వైపు, అటు సరిహద్దు దాటితే తిరువళ్లూరు జిల్లాలో, మాతమ్మలు ఉన్నారు. పిల్లకు జబ్బు చేస్తుంది. ఆసుపత్రికి తీసుకుపోయే డబ్బుండదు. బతికితే అమ్మవారికి వదులుతామని మొక్కుకుంటారు. తాళి కట్టిస్తారు. ఆ తరువాత ఆ పిల్లకు పెళ్లి లేదు. జాతరలో ఆడాలి. పెద్దదయ్యాక ఊళ్లో మగవాడు ఎవడు తలుపు తట్టినా అడిగే దిక్కు ఉండదు. అందరూ మాదిగ, అరుంధతీయ వాడల పిల్లలే. వాళ్లకు భూమి రాసిచ్చిన రాజు లేడు, పద్యం నేర్పిన గురువు లేడు, సంతకం పెట్టడానికి సంఘం లేదు.

స్వేచ్ఛ గురించి మీరు రాసింది చదవడానికి బాగుంది. మా వాడలో చదివి వినిపిస్తే నవ్వుతారు.

సువర్ణముఖి · మంగళవారం, ఉదయం 7:15

చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. చట్టం వరకు చెబుతాను.

చంద్రగిరి గారి మాటలో సగం సరైనదే. తన కోసం తాను బిడ్డను దత్తత తీసుకునే హక్కు హిందూ స్త్రీకి 1956 దత్తత చట్టం దాకా లేదు. దేవదాసి ఆడపిల్లను దత్తత తీసుకుంటే మాత్రం, ఆచారం ఉంది గనుక చెల్లుతుందని మద్రాసు కోర్టులు ఒప్పుకున్నాయి. బొంబాయి హైకోర్టు 1880లో ఒప్పుకోలేదు. మరో సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది, దేశంలోని రాష్ట్రాల్లో మొదట. అయితే మగవాళ్లకున్న ఆస్తి, పన్ను అర్హతలే ఆడవాళ్లకూ. సొంత ఆస్తి లేని ఇల్లాలికి ఓటు రాదు. తన పేరిట భూమి ఉండి శిస్తు కట్టే దేవదాసికి కాగితం ప్రకారం వస్తుంది! 1935 చట్టం వచ్చాక భర్త ఆస్తిని బట్టి భార్యకు ఓటు ఇచ్చారు. గౌరవస్తురాలికి ఓటు మొగుడి పేరు మీదుగా రావలసి వచ్చిందన్నమాట.

ఇక మిగతా సగం. దత్తత అన్న పేరుతో జరిగినదంతా దత్తత కాదు. బీద ఇంటి పిల్లను కొనడం కూడా దాని కిందే చెల్లిపోయింది. భారత శిక్షాస్మృతిలో 1860లో 372, 373 సెక్షన్లు పెట్టింది వ్యభిచారం కోసం మైనర్లను అమ్మడం, కొనడం ఆపడానికే. కొత్త చట్టం అవసరం ఏమిటని ఆనాడు వాదించిన వారికి ఇవే ఆధారం. అవి ఉన్నా ఆగలేదు గనుకనే కొత్త చట్టం అడిగారు.

పీలేరు కరణం · మంగళవారం, ఉదయం 10:05

అందరికీ నమస్కారం. ఉద్యోగం నుంచి విరమించి చాలా కాలమైంది, కళ్లు సరిగా ఆనవు, టైపు చేయడం ఆలస్యం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాన్యాల గురించి మాట్లాడకుండా ఈ విషయం తేలదు. గుడిలో పూజారికి మాన్యం, భజంత్రీలకు మాన్యం, దీపం పెట్టేవాడికి మాన్యం, సానికి మాన్యం. జీతం బదులు భూమి. సేవ చేసినంత కాలం అనుభవం, సేవ ఆగితే భూమి పోతుంది. ఇది గుర్తుంచుకోండి. తల్లి ముసలిదైతే కూతురు గజ్జె కట్టాలి. కూతురు లేకపోతే ఎక్కడి నుంచైనా ఒక పిల్లను తెచ్చుకోవాలి. లేకపోతే పొలం గుడికి తిరిగి పోతుంది. ఇంట్లో పిల్లను అంకితం చేయడానికి భక్తి ఎంత కారణమో, సర్వే నంబరు అంత కారణం.

ఈ ముడిని కోసింది 1947 చట్టం కాదు. 1929లో దేవాదాయ చట్టానికి చేసిన సవరణ. సేవ షరతు తీసేసి, గుడిలో ఆడినా ఆడకపోయినా భూమి ఆమెదే అన్నారు. అలా చేసిన తరువాత పిల్లను అంకితం చేయవలసిన ఆర్థిక కారణం పోయింది. మంచి బుర్ర పెట్టి రాసిన సవరణ అది. పాఠ్యపుస్తకంలో దానికి చోటు లేకపోవడం నాకు బాధ.

అయితే భూమి ఉన్నవారికే అది పనికివచ్చింది. మాన్యం లేకుండా నెలకు ఇంత అని, రోజుకు ఇంత ప్రసాదం అని పుచ్చుకుని ఆడిన వారికి తీసేయడానికి షరతూ లేదు, మిగలడానికి పొలమూ లేదు. నగరి నాగలి గారు చెప్పిన వారి సంగతి అసలు ఏ రిజిస్టరులోనూ కనబడదు.

మదనపల్లె మల్లి · మంగళవారం, మధ్యాహ్నం 1:20

కరణం గారూ, ఆ 1929 సవరణ తెచ్చింది ముత్తులక్ష్మి రెడ్డి గారే! ఆమెను విక్టోరియా కాలపు నీతులు అద్దె తెచ్చుకున్న మనిషిగా చంద్రగిరి గారు చూపిస్తుంటే నాకు ఉండబట్టలేదు.

1886లో పుదుక్కోట్టలో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. ఈ బతుకు ఆమెకు బయటి విషయం కాదు. 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి డాక్టరుగా బయటికి వచ్చారు. మండలిలో నియమితురాలై ఉపాధ్యక్షురాలయ్యారు. 1927లో తీర్మానం, 1929లో భూముల సవరణ, ఆ తరువాతే అంకితాన్ని నిషేధించే బిల్లు. వరుస చూడండి: ముందు భూమి, తరువాత నిషేధం. సత్యమూర్తి వంటి కాంగ్రెస్ పెద్దలు అడ్డుపడ్డారు. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె పదవి వదిలేశారు, బిల్లు అక్కడే ఆగిపోయింది. దేవదాసీ ఇళ్ల నుంచి వచ్చిన కొందరు అమ్మాయిలకు హాస్టళ్లలో చోటు దొరకకపోతే తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అవ్వై హోం అలా మొదలైంది. 1947లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గం కాలంలో చట్టం వచ్చేనాటికి ఆమె సభలో లేరు.

మా ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఐర్లాండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ దంపతులు మదనపల్లె కళాశాలలో ఉన్న రోజుల్లో, అప్పటి చిత్తూరు జిల్లాలోనే, అబలా అభివర్ధినీ సమాజం అని స్త్రీల సంఘం నడిచింది. 1917లో అడయారులో భారత మహిళా సంఘం పుట్టడానికి ముందు మెట్టు ఇది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగిన బృందానికి సరోజినీ నాయుడు ముందుండగా, ఆ పని కదిలించింది మార్గరెట్ కజిన్స్. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఆమెను మన పక్కనున్న వేలూరు జైలులో పెట్టారు. మండలిలోకి ముత్తులక్ష్మి గారు వెళ్లడం వెనుక ఈ భారత మహిళా సంఘమే ఉంది. గాలిలో నుంచి వచ్చిన సంస్కరణ కాదు.

చంద్రగిరి దుర్గం · మంగళవారం, మధ్యాహ్నం 2:05

మల్లి గారూ, ఆమె త్యాగాన్ని నేను కాదనలేదు. ఇంట్లో పుట్టినంత మాత్రాన ఇంటివారందరి తరఫున మాట్లాడే అధికారం వస్తుందా అన్నదే నా ప్రశ్న. ఆ బతుకు వద్దనుకున్న కూతురు మండలిలో ఉంది, ఆ బతుకే తన వృత్తి అనుకున్న వాళ్లు గేటు బయట కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఎవరి మాట చట్టమైందో చెప్పండి.

వాయులీనం · మంగళవారం, సాయంత్రం 6:40

గేటు బయట నిలబడిన వారిలో ముందున్న పేరు ఎవరూ చెప్పలేదు. దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన గాయని, బెంగుళూరు నాగరత్నమ్మ!

తిరువయ్యారులో త్యాగయ్య సమాధి పాడుబడి ఉంటే తన సొమ్ముతో గుడి కట్టించిన మనిషి. ఆరాధన ఉత్సవాల్లో ఆడవాళ్లను పాడనివ్వకపోతే గుడి వెనక వేరుగా ఆడవాళ్ల చేతనే ఆరాధన చేయించింది. చాలా ఏళ్ల తరువాత గానీ మగవారి వర్గాలు దిగివచ్చి అందరూ ఒకటి కాలేదు. అంతకు ముందు, 1910లో, తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చువేయించింది. కవయిత్రి వేశ్య, కావ్యం అసభ్యం అని కందుకూరి వారు తీర్పు చెప్పిన పుస్తకం అది. ప్రభుత్వం నిషేధించి ప్రతులు పట్టుకుపోయింది. మగకవులు రాసిన శృంగారం ప్రబంధమై పాఠశాలల్లో ఉంటే, ఆడది రాసినది అసభ్యమా అని ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. ప్రకాశం పంతులు గారు అధికారంలో ఉండగా ఆ నిషేధం ఎత్తివేశారు. అది కూడా 1947లోనే. ముద్దుపళని బయటికి వచ్చిన ఏడాదే ఆమె వారసులు గుడి ముందు ఆడడం నేరమంటూ చట్టం చేశారు.

ఈ మధ్యలో నాట్యం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, సభకు పోయింది. 1935 డిసెంబరులో అడయారులో, దేవదాసీ ఇంట పుట్టని రుక్మిణీదేవి అరుండేల్ తొలి నాట్య ప్రదర్శన ఇచ్చారు, మరుసటి ఏడాది ఆమె నాట్య పాఠశాల కళాక్షేత్రం. గుడిలో పాపమైన అడుగు రంగస్థలం మీద సంస్కృతి అయింది. నేర్పిన వాళ్లు పాతవాళ్లే. ఆడేవాళ్ల ఇంటిపేర్లు మారాయి.

తిరుపతిలో ఉంటున్నాం గనుక ఇంకొక్క మాట. ఊరి కూడలిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి విగ్రహం ఉంది. తెల్లవారితే దేవుణ్ని నిద్రలేపే గొంతు ఆమెదని ప్రతి ఇంటికీ తెలుసు. ఆమె తల్లి షణ్ముఖవడివు వీణ విద్వాంసురాలనీ, ఆ కుటుంబం దేవదాసీ పరంపర నుంచి వచ్చిందనీ ఎందరికి తెలుసు? విగ్రహం కింద ఫలకం మీద రాయమని నేను అనడం లేదు. ఆ పరంపరను దురాచారం అన్న మూడక్షరాల దగ్గర... కాదు, లెక్కపెట్టకండి, ఆ ఒక్క మాట దగ్గర ముగించేస్తే ఆ సంగీతం ఎక్కడి నుంచి ఊడిపడిందని పిల్లలకు చెబుతారు?

ధర్మపథం · మంగళవారం, రాత్రి 8:15

పవిత్ర క్షేత్రంలో ఉంటూ గుళ్లను అప్రతిష్ఠ చేసే చర్చలు ఎందుకు? దేవదాసీలను దేవతల్లా చూశారు. చెడ్డ పేరు తెచ్చింది ఆంగ్లేయులు.

నగరి నాగలి · మంగళవారం, రాత్రి 8:22

దేవతల్లా చూడడానికి మీ ఇంటి పిల్లను పంపారా?

నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 8:40

వ్యక్తిగత ప్రశ్నలు వద్దు. విషయం మీద ఎంత ఘాటుగానైనా రాయండి. దీని కింద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసివేశాము.

కపిలతీర్థం · మంగళవారం, రాత్రి 9:30

ధర్మపథం గారూ, తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మీరూ వెళ్లే ఉంటారు. పెళ్లైన ప్రతి పిల్లనూ మొదట తన దగ్గరికే పంపాలన్న పాలెగాడి కథే కదా ఆ జాతర. అమ్మవారు రకరకాల వేషాలు కట్టి వెతికి, దొర వేషంలో వాడి తల నరుకుతుంది. ఊరు ఊరంతా మగవాళ్లు చీరలు కట్టుకుని ఆ కథను ఏటా చెప్పుకుంటుంది. గుడి మీద గౌరవం ఉన్నవారే అధికారం ఉన్నవాడి దౌర్జన్యాన్ని కథగా దాచుకున్నారు. మా తరగతిలో అమ్మాయి అడిగిన దానిలో ఉన్నదీ అదే. గంగమ్మ పాలెగాణ్ని చంపింది, పెళ్లికూతురికి జరిమానా వేయలేదు.

సువర్ణముఖి గారిని ఒకటి అడగాలి. ఆ స్త్రీనే శిక్ష పరిధిలోకి తెచ్చే పద్ధతి అన్ని చోట్లా ఉందా?

సువర్ణముఖి · మంగళవారం, రాత్రి 10:50

లేదు. కర్ణాటక 1982లో చేసిన చట్టంలో, తంతు ఎవరికి జరిగిందో ఆ స్త్రీని మినహాయించి మిగతావారికే శిక్ష. 1947 నాటి మద్రాసు ఆలోచన వేరు. ఆమె బాధితురాలూ, నేరస్థురాలూ కూడా.

ఆ కాలపు ధోరణి అర్థం కావడానికి ఇంకో చట్టం పక్కన పెట్టి చూడండి. దేశ విభజనలో రెండు వైపులా అపహరణకు గురైన స్త్రీలను వెనక్కి తేవడానికి 1947 డిసెంబరులో రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి, 1949లో మన రాజ్యాంగ సభ (అప్పట్లో అదే కేంద్ర శాసనసభ) చట్టం చేసింది. 'అపహృత వ్యక్తి' అంటే ఎవరు? మగవాళ్లయితే పదహారేళ్ల లోపు పిల్లవాడు. ఆడవాళ్లయితే ఏ వయసు వారైనా సరే. నలభై ఏళ్ల స్త్రీ, పదేళ్ల కుర్రాడు చట్టం దృష్టిలో ఒకటే. నేను ఇక్కడే ఉంటాను, నాకు ఇక్కడ బిడ్డ ఉంది అని ఆమె చెప్పినా నిర్ణయం ట్రిబ్యునలుది. సుప్రీంకోర్టు 1952లో అజాయబ్ సింగ్ కేసులో ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం కాదని చెప్పింది. వేల మంది స్త్రీలు ఇలా అటూ ఇటూ చేరారు. చాలామంది నిజంగానే నరకం నుంచి బయటపడ్డారు, అది మరచిపోకూడదు. కొందరిని ఏడుస్తుండగా జీపు ఎక్కించారు, అదీ మరచిపోకూడదు.

రెండు చట్టాలూ స్త్రీని రక్షించడానికే పుట్టాయి. రెండింటిలోనూ ఆమె చెప్పేదానికి గడి లేదు.

చంద్రగిరి దుర్గం · బుధవారం, ఉదయం 6:30

సువర్ణముఖి గారూ, నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే!

నగరి నాగలి · బుధవారం, ఉదయం 9:00

ఇది కాదు మీరు చెబుతున్నది. పెద్దవాళ్ల సమ్మతి అడగలేదని మీ బాధ. నిజమే, అడగలేదు. మరి ఎనిమిదేళ్ల పిల్ల మెడలో తాళి కట్టినప్పుడు అడిగారా? అడగకుండా తలుపు వేసినవాళ్లను వదిలేసి, అడగకుండా తలుపు తీసినవాళ్ల మీద ఇంత కోపమా?

మా వైపు సంగతి చెబుతాను. 1947 చట్టం మాకూ వర్తించేదే. అందులో విగ్రహం, పూజించే వస్తువు, ఏదైనా సరే అని ఉంది. కానీ ఆ చట్టాన్ని నడిపించే కళ్లు పెద్ద గుడి గోపురం వైపే చూశాయి. వేపచెట్టు కింద రాయి దగ్గర జరిగేది ఏ అధికారికీ కనబడలేదు. నిజామాబాద్ వైపు జోగినుల (అక్కడ దేవదాసీలను అలా అంటారు) మధ్య హేమలతా లవణం గారు పనిచేశాక, 1988లో ఆంధ్రప్రదేశ్ కొత్త చట్టం చేసింది. నిషేధం అయిపోయిందని మళ్లీ అనుకున్నారు. 2017లో మాతమ్మల మీద జాతీయ మానవ హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్‌కూ తమిళనాడుకూ నోటీసులు ఇవ్వవలసి వచ్చింది. రెండు చట్టాలు, డెబ్భై ఏళ్లు.

చట్టం ఆడవాళ్లు అడిగితే ఎలా ఉంటుందో కూడా చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో మన జిల్లాకూ పాకింది. చదువు రాదనుకున్న ఆడవాళ్లు వేలంపాటలను అడ్డుకున్నారు. ఎవరిని శిక్షించాలో వాళ్లకు తెలుసు: పాట పాడే కాంట్రాక్టరు, పాట పెట్టే సర్కారు. తాగేవాడి పెళ్లానికి జరిమానా వేయమని ఎవరూ అడగలేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అని ఎత్తేశారు, అది వేరే దుఃఖం. కానీ ఆ నాలుగేళ్లూ ఆ చట్టం ఎవరిదని ఎవరూ అడగలేదు. మా అమ్మ తరం అది మాదే అని చెప్పుకుంటుంది. 1947 చట్టం నాది అని చెప్పుకున్న దేవదాసిని మీరు ఎక్కడైనా చూశారా?

మదనపల్లె మల్లి · బుధవారం, ఉదయం 11:10

అవ్వై హోంలో చదువుకుని టీచర్లు, నర్సులు అయిన వాళ్లు చెప్పుకుని ఉండవచ్చు నాగలి గారూ. అలాంటివారు తమ పుట్టుక దాచుకోవలసి వచ్చింది గనుక ఆ మాట మనకు వినబడదు. దేవదాసీ బతుకును పొగిడేవారి గొంతులు పుస్తకాల్లో దొరుకుతాయి, దాని నుంచి పారిపోయిన పిల్లలు పుస్తకాలు రాయలేదు.

వాయులీనం · బుధవారం, మధ్యాహ్నం 12:00

ఈ మాట మాత్రం కొట్టిపారేయలేను.

కపిలతీర్థం · బుధవారం, సాయంత్రం 5:45

విద్యార్థినుల చేత చిన్న పని చేయించాలనుకుంటున్నాను. మన జిల్లాలో ఏదో ఒక గ్రామంలో సాని మాన్యం ఎవరి పేరిట ఉండేది, తరువాత ఎవరి చేతికి పోయింది అని వెతకాలి. కరణం గారూ, ఎక్కడ మొదలుపెట్టాలి?

పీలేరు కరణం · గురువారం, ఉదయం 9:40

మంచి పని అమ్మా. ఇనాం ఫెయిర్ రిజిస్టరుతో మొదలుపెట్టండి. మద్రాసులో ఇనాం కమిషన్ 1858లో ఏర్పడింది, 1860ల్లో ఊరూరా విచారణ చేసి ఈ రిజిస్టర్లు రాశారు. ఏ సేవకు ఇచ్చిన మాన్యం, ఎంత విస్తీర్ణం, మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వారి పేరు, వయసు, మొదటివారితో బంధుత్వం, అన్నీ గళ్లు కట్టి ఉంటాయి. మామూలుగా ఆ గళ్లలో మగపేర్లే. సాని మాన్యం దగ్గరికి వచ్చేసరికి తల్లి పేరు, కూతురి పేరు, మనవరాలి పేరు అలా దిగుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడపలో. పాత రికార్డు ఆ జిల్లాల పేరిట వెతకాలి. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీ గ్రామాలైతే దారి వేరు, అక్కడ జమీ కాగితాలు చూడాలి, దొరకడం కష్టం. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది.

తరువాత రెండో మజిలీ 1956 ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణలు. మాన్యం వ్యక్తిదా, గుడిదా అన్నది తహసీల్దారు తేల్చి పట్టా ఇచ్చాడు. 1929 సవరణ కింద సేవ షరతు తీయించుకున్న స్త్రీకి చేతిలో కాగితం ఉంటుంది. తీయించుకోవచ్చని తెలియనివారి భూమి గుడి ఖాతాలోకి పోయే అవకాశమే ఎక్కువ. మీ పిల్లలు 1860ల పేరు, 1956 తరువాతి పేరు పక్కపక్కన రాస్తే చాలు. ఆడపేరు మగపేరుగా ఎక్కడ మారిందో చూడమనండి. అన్నదమ్ములు, మేనమామలు అప్పుడే పొలం గట్టు మీద కనబడతారు.

నగరి నాగలి · గురువారం, రాత్రి 8:10

పెద్దాయన గారు చెప్పిన రిజిస్టరులో మా వాళ్లు లేరు గనుక నేను ఇప్పటి కాగితం గురించి అడుగుతాను. సువర్ణముఖి గారు గానీ, కరణం గారు గానీ చెప్పండి.

మాకు తెలిసిన ఒక మాతమ్మ కూతురిని కళాశాలలో చేర్పించాలి. దరఖాస్తులో తండ్రి పేరు గడి ఖాళీగా వదిలితే గుమాస్తా తిప్పి పంపాడు. కుల ధ్రువపత్రానికి వెళితే తండ్రి కులం అడుగుతున్నారు. తల్లికి పింఛను రాయాలంటే వితంతువా, ఒంటరి మహిళా అని అడిగి, ఒంటరి అంటే భర్త ఎక్కడికి పోయాడో చెప్పమంటున్నారు. ఆమె అమ్మవారి పేరు చెబుతోంది. ఏమి రాయాలి?

సువర్ణముఖి · గురువారం, రాత్రి 9:25

తండ్రి పేరు గడిలో అబద్ధపు పేరు మాత్రం రాయవద్దు, చాలామంది గుమాస్తాలు అదే సలహా ఇస్తారు. పెళ్లికాని తల్లి ఒక్కతే సంరక్షకురాలిగా ఉండవచ్చనీ, తండ్రి పేరు బయటపెట్టమని ఆమెను బలవంతం చేయరాదనీ 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. దాని ప్రతి జతచేసి, తల్లి పేరుతోనే దరఖాస్తు మళ్లీ ఇవ్వండి. తీసుకోకపోతే తిరస్కరణను కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటితో చెప్పి పంపనివ్వకండి.

కుల ధ్రువపత్రానికి తల్లి పెరిగిన వాడ, తల్లి కాగితాలు, ఇరుగుపొరుగు వాంగ్మూలం పెట్టి తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇద్దాం. నేను వస్తాను, ఫీజు వద్దు. పింఛను గడి గురించి కరణం గారు చెబితే బాగుంటుంది.

పీలేరు కరణం · శుక్రవారం, ఉదయం 8:15

ఒంటరి మహిళ అనే రాయించండి. అవివాహిత అని తల్లి చేత ప్రమాణపత్రం తీసుకోండి. తాళి సంగతి అందులో రాయవద్దు, 1988 చట్టం ప్రకారం ఆ తంతుకు విలువ లేదు. ఎవరైనా భర్త ఏడీ అని అడిగితే పెళ్లే జరగలేదని చెప్పమనండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. ఉదయమే వెళ్లి రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి, ఆ నంబరు ఇక్కడ పెడితే నాకు తెలిసినవారిని అడిగి చూస్తాను.